ఖాళీ బండిలో దొరకని జబ్బు

డర్బన్‌లో నేను పనిచేసిన వర్క్‌షాపులో నా బల్ల మరుగుదొడ్డి తలుపు పక్కన ఉండేది. తలుపు తెరిచినప్పుడల్లా దాని గొళ్ళెం వచ్చి నా బల్ల అంచుకు కొట్టుకునేది. నేను మానేసే నాటికి అంచున పడిన గుంటలో బొటనవేలు పట్టేది. చేరిన మొదటి వారంలోనే అడిగాను, కిటికీ దగ్గర చోటు ఖాళీగా ఉంది కదా, బల్ల అక్కడికి జరుపుకోవచ్చా అని. "చూద్దాం" అన్నాడు ఫోర్‌మన్ హెండ్రిక్. అతను రిటైరై వెళ్ళిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఇది ఫిర్యాదులా ఉందంటే ఫిర్యాదే. మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసివ్వమని ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళు అడిగారు. కిందటేడు వేరే వాళ్ళను అడిగి, వాళ్ళు కుదరదంటే ఈ ఏడు నా దగ్గరికి వచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎలా వస్తాయో, నాకంటే ముందు తెచ్చుకున్న వాళ్ళను అడగండి. నేను రాయగలిగింది బండ్ల గురించి. అందులోనూ ముఖ్యంగా ఒక్క బండి గురించి.

చెవి

నాకు పని నేర్పింది అనకాపల్లి బస్సు డిపోలో నరసింహరాజు గారు. నేర్పారనేకంటే తిట్టారనడం నిజానికి దగ్గర. డిప్లొమా పట్టుకుని వెళ్ళిన మొదటిరోజే నన్ను మేనేజరు గారి పెట్రోలు జీపు ముందు నిలబెట్టి, ఇంజను స్టార్టు చేసి, కళ్ళు మూసుకోమన్నారు.

"ఏం వినిపిస్తోంది?"

"ఇంజనండి."

"అది చెప్పడానికి డిప్లొమా ఎందుకయ్యా? ఆ టీకొట్టు వాడూ చెబుతాడు."

చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఆ రోజు నేర్చుకున్నదే చివరిదాకా నాకు అన్నం పెట్టింది.

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజను ఆగిపోకుండా తన మానాన తాను నెమ్మదిగా తిరగడమే ఐడ్లింగ్. నిద్రపోయే మనిషి ఊపిరిలా అది ఒకే తీరున సాగాలి. అలా కాక వేగం పెరిగి, తగ్గి, ఇక ఆగిపోతుందనిపించి, మళ్ళీ పెరిగితే దాన్ని మా డిపోలో ఊగుడు అనేవాళ్ళం. ఊగుడుకు కారణాలు చాలా ఉంటాయి. పెట్రోలు బండిలో మొదట వెతకవలసింది దొంగగాలిని. కార్బరేటర్ గాలినీ పెట్రోలునూ ఒక పాళ్ళలో కలిపి ఇంజనుకు పంపుతుంది. దాని లెక్కలో లేని గాలి ఏ చీలికలోంచో లోపలికి దూరితే మిశ్రమం పలచబడి ఇంజను తడబడుతుంది.

రాజుగారు ఇంకొక మాట కూడా చెప్పేవారు. "బండి నీ ముందు జబ్బు చూపించేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు." డర్బన్‌లో ఈ మాట ఎవరూ వినలేదు. వాళ్ళు వినకపోవడం వల్లే ఈ కథ.

వచ్చిన కొత్తలో

రంగుతో పని లేకుండా అందరూ మొదటిసారి ఓటు వేసిన ఎన్నికలై రెండో ఏడు నడుస్తుండగా నేను డర్బన్ చేరాను. ఫీనిక్స్ దగ్గర ఫ్యాక్టరీల మధ్య ఉండేది ఆ వర్క్‌షాపు. తెల్లవాళ్ళకు ఒకటి, మిగతావాళ్ళకు ఒకటిగా ఉన్న భోజనాల గదుల మధ్య గోడ కొట్టేశారు గాని, గోడ ఉన్నచోట నేల మీద గీత మిగిలింది. చాలాకాలం పాటు ఎవరి వైపు వాళ్ళు కూర్చునే తినేవాళ్ళు.

హెండ్రిక్ నా కాగితాలు తిరగేసి, "మీ దేశంలో ఎద్దులకు కూడా గేర్లు మారుస్తారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి నా పేరు "ఇంపోర్టు" అయింది. ఇంపోర్టు ఎక్కడ, ఇంపోర్టును పిలవండి, అని.

నా పక్క బల్ల సిఫోది. జులూ మనిషి, నాకంటే పెద్దవాడు. మెకానిక్ పని చేస్తూనే ఏళ్ళ తరబడి హెల్పర్ అనిపించుకున్నాడు. ఎన్నికల తర్వాతే మెకానిక్ అన్న పేరు వచ్చింది. వాడు మొదటివారం నాతో మాట్లాడలేదు. రెండోవారం మాట్లాడాడు.

"ఈ పనుల తలుపు మాకు ఎప్పుడు తెరుస్తారా అని మా నాన్న కాలం నుంచి నిలబడి ఉన్నాం. తెరిచేసరికి నువ్వు విమానం దిగి మా ముందు లోపలికి వచ్చావు."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయితే అది తప్పు అని మాత్రం అప్పుడూ అనలేకపోయాను, ఇప్పుడూ అనలేను. మీలో బయటిదేశం వెళ్ళేవాళ్ళుంటే, మీ పక్క బల్ల వాడు ఎంతకాలంగా నిలబడి ఉన్నాడో ముందు కనుక్కోండి.

ఈనోకు గారి వ్యాను

సీ కౌ లేక్ దగ్గర తెలుగు బాప్టిస్టుల చిన్న సంఘం ఒకటి ఉండేది. చెరుకు తోటల్లో కూలికి వచ్చిన వాళ్ళ మనవలు, మునిమనవలు. పాత ప్రభుత్వం ఎవరు ఎక్కడ ఉండాలో చట్టం చేసి వీళ్ళ ఇళ్ళు చెదరగొట్టింది. కొందరు ఫీనిక్స్‌లో పడ్డారు, కొందరు పైన స్టాంగర్ వెళ్ళిపోయారు. పెళ్ళికో చావుకో అందరూ మళ్ళీ ఒకచోట చేరాలంటే సంఘం వ్యానే దిక్కు. ఇక్కడ వ్యానును కోంబీ అంటారు. అది అప్పటికే ముసలి బండి. ఇంజను ముందు భాగంలో కాక, డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ నడుమ ఒక రేకు మూత కింద ఉండే రకం.

దాన్ని నడిపేది ఈనోకు గారు. ఒకప్పుడు చెరుకు లారీ డ్రైవరు. భార్య పోయాక ఈ వ్యానే ఆయన సంసారం. జీతం లేదు, తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే. దాన్ని నల్లదారంతో మెడలో కట్టుకునేవాడు.

మొదటిసారి నన్ను చూసి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం బాబూ, నువ్వు తెలుగోడంట గదా?"

ఈ దేశంలో దిగాక ఒక పరాయి మనిషి నోట విన్న మొదటి తెలుగు మాట అది. మాది అనకాపల్లి అన్నాను.

"మా తాతది ఏ ఊరో నాకు ఎరికలేదు. ఓడ ఎక్కినాడు, చెరుకు కొట్టినాడు, సచ్చిపోయినాడు. అంతే ఎరిక." గట్టిగా నవ్వాడు. "నేను మాట్లాడేది నీకు తెలస్తాదా?"

తెలుస్తుందన్నాను. ఆయన తెలుగులో రాబోయే పని చెప్పే క్రియలన్నిటికీ ఒకటే తోక. నేను వస్తాది, నువ్వు వస్తాది, బండి వస్తాది. వినగా వినగా నాకు అదే బాగుండేది.

"రోబోట్ కాడ నిలబడితే ఊగతాది బాబూ. ఊఁ... ఊఁ... అని. ఉయ్యాల మాదిరి." రోబోట్ అంటే ఇక్కడ ట్రాఫిక్ సిగ్నల్. "బ్రేకు కూడా బరువైతాది. ఎప్పుడూ కాదు. చావింటికి పొయ్యేటప్పుడు."

హెండ్రిక్‌కు ఇది ఇంగ్లీషులో చెప్పాను. అతను వర్క్‌షాపంతా వినేలా నవ్వాడు. "ఇంజనుకు దయ్యాల భయమా? పాస్టరును పిలవండి, మెకానిక్ ఎందుకు?"

ఈనోకు గారికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. ఆ నవ్వూ ఆయనకు అర్థమైంది.

మూడుసార్లు

మొదటిసారి హెండ్రిక్ ఐడ్లింగ్ స్క్రూ తిప్పి వేగం పెంచి పంపించాడు. జ్వరానికి కారణం వెతక్కుండా దుప్పటి కప్పడం లాంటిది అది. ఎవరైనా మీ ముందు మొదట ఆ స్క్రూ పట్టుకుంటే అతని దగ్గర మీరు నేర్చుకోవలసింది పెద్దగా ఉండదు. నెల తిరగకుండా బండి వెనక్కి వచ్చింది.

రెండోసారి కార్బరేటర్ విప్పి కడిగి, కొత్త గ్యాస్కెట్లు వేశాడు. ప్లగ్గులు మార్చాడు. మళ్ళీ వచ్చింది.

మూడోసారి "ఇంపోర్టుకు ఇవ్వండి, ఎద్దుల వైద్యం చూద్దాం" అన్నాడు. నేను మూత తీసి, ఇంజను నడుస్తుండగా ప్రతి అతుకు దగ్గరా కార్బరేటర్ క్లీనర్ కొట్టి చూశాను. దొంగగాలి పీల్చే చోట అది తగిలితే ఇంజను గొంతు మారుతుంది. ఎక్కడా మారలేదు. గొట్టాలు ఒక్కొక్కటే పటకారుతో నొక్కి చూశాను. ఊపిరి ఒకే తీరు. రాజుగారు పక్కన ఉండి తిట్టినా అందులో జబ్బు దొరికేది కాదు. బరువు వల్లనేమోనని సిఫో, నేను కలిసి వెనక సీట్లలో ఇసుక బస్తాలు వేసి రోడ్డు మీద తిప్పి వచ్చాం. దారిలో అన్ని రోబోట్ల దగ్గరా బండి బుద్ధిగా నిలబడింది.

"ఇంపోర్టుకూ దొరకలేదు" అన్నాడు హెండ్రిక్. వాడు సంతోషించాడు. ఆ ముఖం నాకు గుర్తుంది.

అతను తన నిర్ణయం సంఘం పెద్ద డేనియల్ గారికి చెప్పాడు. ఇంజను అయిపోయింది, డ్రైవరు కాలు బరువు, బండి నాశనం చేశాడు, పాతసామాను వాడికి అమ్మేయండి. డేనియల్ గారు స్కూలు హెడ్మాస్టరుగా చేసిన మనిషి. కోటు బొత్తాలు పెట్టుకోకుండా బయటికి రారు. ఈనోకు గారితో నా ముందే అన్నారు.

"బ్రదర్ ఈనోక్, వచ్చే వారం పాతసామాను ఆయన వస్తాడు. తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయండి. ఆదివారం సంఘానికి నేనే చెబుతాను, బండి ఎందుకు పోయిందో."

ఈనోకు గారి చెయ్యి మెడలోని నల్లదారం మీదికి వెళ్ళింది. బండి పోవడం ఒకటి. తన కాలే బండిని చంపిందని నిండు సంఘంలో చెప్పించుకోవడం ఇంకొకటి. చెయ్యని తప్పు మెడకు కట్టించుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కడిగి, తుడిచి, అన్నీ తీసేసి పెడతాను" అన్నాడు ఆయన ఇంగ్లీషులో. ఎప్పుడూ అలాగే తెచ్చేవాడు. వర్క్‌షాపు గేటుకు బోర్డు ఉండేది, బండిలో వస్తువులేవీ ఉంచరాదని. హెండ్రిక్ పెట్టిన నియమం. బోర్డు లేకపోయినా ఈనోకు గారు ఖాళీ చేసే తెచ్చేవాడు. పరాయివాళ్ళ చేతికి మురికి బండి ఇవ్వడం ఆయనకు సిగ్గు.

వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"శనివారం స్టాంగర్‌లో మట్టి ఉండాది. మా సామేలు పోయినాడు. నువ్వు నా పక్కన కూచుంటాదా, బాబూ? కడసారి."

హెండ్రిక్‌కు చెబితే, చావుకు బండి తోలడం వర్క్‌షాపు పని కాదన్నాడు. నా సెలవు రోజున నేనెక్కడికి వెళ్ళాలో అడగడం లేదు, చెబుతున్నానంతే అన్నాను. తర్వాత చాలాకాలం నాకు మంచి పని రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని అతను అనేవాడు.

అచ్చమ్మ గారి కుండ

శనివారం పొద్దున సీ కౌ లేక్‌లో వ్యాను నిండింది. వెనక సీట్లలో తెల్లచీరలు, నల్లకోట్లు. ముందు నేను. బండి గేటు దగ్గర ఊగకుండా నిలబడి ఉంది. వచ్చి తప్పు చేశానేమో అనిపించింది.

అప్పుడు అచ్చమ్మ గారు వచ్చారు. సంఘంలో అందరికంటే పెద్ద ఆవిడ. వెనక ఇద్దరు మగవాళ్ళు రెండు చెవులూ పట్టుకుని ఒక పెద్ద అల్యూమినియం కుండ మోసుకొస్తున్నారు. దుప్పటి చుట్టి ఉంది. మూత సందులోంచి చింతపండు వేసిన బీన్స్ కూర వాసన.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చావింట్లో మట్టి అయ్యేదాకా పొయ్యి వెలిగించరు. కూర ఇంకో ఇంటి నుంచి రావాలి. అది కూడా మూత తీస్తే ఆవిరి వచ్చేంత వేడిగా రావాలి. చల్లారిన కూర తెస్తే, మీ ఇంటికి రావడానికి మాకు తొందర లేదని చెప్పినట్టు. స్టాంగర్ గంటకు పైగా ప్రయాణం. అందుకని ఆ కుండను వ్యానులో అన్నిటికంటే వెచ్చటి చోట పెడతారు.

కుండ తెచ్చి ఇంజను మూత మీద దించారు. నా మోకాలికీ ఈనోకు గారి మోకాలికీ మధ్య.

"జరగవయ్యా ఇండియా" అన్నారు అచ్చమ్మ గారు, నా వెనక సీట్లో సర్దుకుంటూ. "కుండకు కాలు తగిలితే కాలు ఇరిచేస్తాది."

మొదటి రోబోట్ దగ్గర ఎర్రదీపం పడింది. ఈనోకు గారు బ్రేకు తొక్కాడు. ఆయన తొడ బిగుసుకోవడం నాకు కనిపించింది. ఇంజను వేగం పెరిగింది, తగ్గింది, చచ్చిపోతుందనిపించింది, మళ్ళీ లేచింది. ఊఁ... ఊఁ... వ్యానంతా ఊగుతోంది. వెనక ఎవరో పాట మొదలుపెట్టబోయి ఆగారు.

"చూసినావా?" అన్నాడు ఈనోకు గారు. "నా కాలు ఏం చేసినాది? నువ్వే చెప్పు, నా కాలు ఏం చేసినాది?"

నేను ఆయన కాలు చూడటం లేదు. కుండను చూస్తున్నాను. దుప్పటి అంచులు పట్టుకుని కుండెత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇంజను సద్దుమణిగింది. నిద్రపోయే మనిషి ఊపిరి.

"ఓరి నీ ముకం మండ! కూరలో చెయ్యి పెడతాడేంది ఈడు!" అచ్చమ్మ గారు నా భుజం మీద ఒకటి వేశారు. "దించు! చల్లారతాది!"

దించాను. ఊగుడు మొదలైంది. ఎత్తాను. ఆగింది. పచ్చదీపం పడింది, వెనక బండ్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఈనోకు గారు గేరు వెయ్యడం మర్చిపోయి కుండ వైపు చూస్తున్నాడు.

"ఇంకోపాలి ఎత్తు బాబూ" అన్నాడు.

ఎత్తాను. స్టాంగర్ దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను, నా రెండు తొడల మీదా బొబ్బలెక్కాయి. ఆ మచ్చ ఒకటి ఇంకా ఉంది.

మూత కింద

ఆ సాయంత్రం తిరిగొచ్చాక మూత తీసి, గొట్టాలను ఈసారి కిందికి వంచి చూస్తే జబ్బు దొరికింది. ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకు ఒక రబ్బరు గొట్టం పోతుంది. బూస్టర్ అంటే ఇంజను గాలి పీల్చే బలంతో బ్రేకు తొక్కడం తేలిక చేసే డబ్బా. ఆ బండిలో గొట్టం సరిగ్గా మూత కిందే వంపు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి వేడికి ఎండి, వంపు అడుగున సన్నగా చీలింది. మూత నాలుగు మూలలా ఉండవలసిన రబ్బరు దిండ్లు అరిగి రేకులో కలిసిపోయాయి. కుండ పెడితే మూత కిందికి కుంగి గొట్టాన్ని వంచుతుంది. చీలిక నోరు తెరిచి దొంగగాలి పీలుస్తుంది. ఇంజను ఊగుతుంది, బూస్టరుకు అందవలసిన ఆ బలం తగ్గి బ్రేకు బరువెక్కుతుంది. ఈనోకు గారు మొదటిరోజు చెప్పిన రెండు ముక్కలూ ఇవే.

మేము చూడాలంటే ముందు మూత తీయాలి. మూత తీస్తే చీలిక మూసుకుంటుంది. పటకారుతో నొక్కినా అది వంపు పైనుంచి పడేది, చీలిక అడుగున ఉండేది. మూడుసార్లూ జబ్బు తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత జబ్బు కోసం వెతికాం. ఇసుక బస్తాలు వెనక సీట్లలో వేశాం, ముందు వెయ్యలేదు. ఇంజను మూత మీద ఎవరైనా బరువు పెడతారని మాకెవరికీ తట్టలేదు, వాళ్ళకేమో అది కాక ఇంకెక్కడ పెడతామన్నది తట్టలేదు.

పాతసామాను వాడు వచ్చేరోజు అచ్చమ్మ గారి కుండ అడిగి వర్క్‌షాపుకు తెచ్చాను. గేటులోనే హెండ్రిక్ బోర్డు చూపించాడు.

"ఇది వర్క్‌షాపు, వంటిల్లు కాదు. బయట పెట్టు."

సిఫో నా చేతిలోంచి కుండ లాక్కుని, కుళాయి కింద పెట్టి నిండా నీళ్ళు పట్టాడు. "హావు, హెండ్రిక్, ఒక్క నిమిషం. దయ్యం దీంట్లోనే ఉందట, చూద్దాం" అంటూ తీసుకెళ్ళి ఇంజను మూత మీద దించాడు.

ఈనోకు గారు మెడలోంచి తాళంచెవి తీసి స్టార్టు చేశాడు. ఊఁ... ఊఁ... డేనియల్ గారు ఒకడుగు వెనక్కి వేశారు. సిఫో కుండ ఎత్తాడు. ఆగింది. దించాడు. ఊగింది. పాతసామాను వాడు కూడా చోద్యం చూస్తూ నిలబడ్డాడు.

మూత తీసి, చీలిన గొట్టం విప్పి, అందరి ముందూ వేళ్ళతో వంచి చూపించాను. చీలిక నోరు తెరిచింది.

హెండ్రిక్ గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు: "గొట్టమే అయి ఉంటుందని నేను మొదటే అనుకున్నాను."

సిఫో నన్ను చూశాడు, నేను సిఫోను చూశాను. ఆ రోజు భోజనాల వేళ వాడు నేల మీది గీత దాటి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. విమానం మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఈనోకు గారు తాళంచెవి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. డేనియల్ గారు ఆయన్ను క్షమాపణ అడగలేదు. "దేవునికి స్తోత్రం" అన్నారు. నా లెక్కలో అది క్షమాపణ కాదు.

కొత్త గొట్టం, కొత్త రబ్బరు దిండ్లు వేశాం. ఇకమీదట కుండ మూత మీద పెట్టొద్దని చెప్పడానికి అచ్చమ్మ గారి ఇంటికి వెళ్ళాను.

"మరి నీ నెత్తిన పెట్టేదా?" అన్నారావిడ. "సామేలు ఇంటికి కూర ఎట్టా పోయినాదో ఎరికేనా? ఆవిరి లేదు. నీ ఒళ్ళో పెట్టుకున్నావు గదా. నాకు తల కొట్టేసినట్టు అయినాది."

అది నిజం. ఆమెకు అది అవమానం. అవమానం సంగతి నాకు వేరే చెప్పాలా? పద్ధతి మానమనే హక్కు నాకు లేదు. బండినే పద్ధతికి సరిచెయ్యాలి. సీట్ల ఇనుప పట్టాల మీద కాళ్ళు ఆనేలా ఒక పీట గీశాను. మూతకు తగలదు, కానీ వేడి కింది నుంచి తగులుతుంది. చుట్టూ కమ్మీ ఉంటుంది, మలుపుల్లో కుండ జారదు. కొలతలు నావి. వెల్డింగ్ సిఫోది.

మీకు నేను చెప్పగలిగింది ఇదే. బండి ఎప్పుడు బాగుండదని చెబుతున్నారో అప్పుడు దానిలో కూర్చోండి. కడిగి, ఖాళీ చేసి తెచ్చిన బండిని నమ్మకండి. డ్రైవరు చెప్పే మాటలో వింతగా ఉన్న ముక్కే ముందు పట్టుకోండి. దయ్యాలని నవ్వే ఫోర్‌మన్ మీకూ దొరుకుతాడు. వాదించకండి, మీ సెలవు రోజున వెళ్ళి చూడండి. పేరు రాదు. పేరు రాకపోతే బాధ ఉండదని చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నారు. ఉంటుంది.

స్టాంగర్ దారిలో

చాలా ఏళ్ళ తర్వాత, నేను రిటైరయ్యాక, అచ్చమ్మ గారు పోయారు. చివరి రోజుల్లో స్టాంగర్‌లో కూతురి దగ్గర ఉన్నారు. మట్టి అక్కడే. ఆమె కుండలో, ఆమె కొలతలతో, సీ కౌ లేక్‌లో కూర వండి పీట మీద పెట్టారు. వ్యాను అప్పటికి ఇంకో డ్రైవరు చేతిలో ఉంది. ఈనోకు గారు బాగా ముసలివాడై, ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. దారిలో ఎర్రదీపాల దగ్గర బండి నిలబడ్డప్పుడల్లా ఆయన అరచెయ్యి పీట కింది నుంచి ఇంజను మూత మీద పెట్టి చూసేవాడు.

ప్రార్థనలో డేనియల్ గారు ఆమె గురించి మాట్లాడుతూ, ఆ కుండ గురించి చెప్పారు. దాని కోసం ఫోర్‌మన్ హెండ్రిక్ గారు ప్రత్యేకంగా ఒక పీట చేయించి ఇచ్చారని కూడా చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను. పీట కొలతలు నావి, వెల్డింగ్ సిఫోది, హెండ్రిక్ ఆ కుండను గేటులోనే ఆపాడు అని చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. కూర్చున్నాను.

ఈనోకు గారు నా చెవి దగ్గరికి వంగాడు. "చెప్పినావులే బాబూ. ఆయమ్మ మనవరాలి పెండ్లిలో కూడా చెప్పినావు."

"అప్పుడు మైకు పనిచెయ్యలేదు" అన్నాను.

ఆయన భుజాలు కదిలాయి. చావింట్లో నవ్వకూడదని రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మట్టి అయ్యాక ఇంటి వెనక బల్లలు వేశారు. అచ్చమ్మ గారి కూతురు దుప్పటి విప్పి మూత తీసింది. ఆవిరి ఆమె ముఖం మీదికి లేచింది. ఆమె కాసేపు అలాగే వంగి నిలబడింది.

నాకు మూడో బంతిలో వడ్డించారు. నాకంటే ఆలస్యంగా వచ్చిన వాళ్ళకు రెండో బంతిలోనే వడ్డించారు. అప్పటికి కుండ అడుగుకు వచ్చింది. అయినా కూర వేడిగానే ఉంది.